చివరిదాకా వినే మనిషి

“నీ గొంతు నీదేనమ్మా, నేను కాదన్నానా? మరి ఈ ఇల్లెవరిది? ఇంటాయనది. ఆ తలుపు గడియ కూడా ఆయనదే. రేపు ఖాళీ చెయ్యమంటే ఏం చేస్తావు? గోడబీరువా కదా, గోడతో సహా పీక్కుపోతావా?”

“అరవకే తల్లీ. మేడమీది అబ్బాయికి వినబడుతుంది.”

“వినబడనీ! సంతకమేగా అడిగారు, కిడ్నీ అడిగారా?”

“కిడ్నీలయితే రెండుంటాయి. గొంతు ఒకటే. సంతకం పెట్టాక ఇంకెక్కడా చదవకూడదట. పైసా తీసుకోకుండా చదివినా తప్పేనట.”

“ఇంట్లో మాట్లాడొచ్చో లేదో అడిగావా? అదీ కూడదంటే నా అంత అదృష్టవంతురాలు ఉండదు.”

మేడమీది అబ్బాయి మెట్ల మీదే ఉన్నాడు. ఒక కాలు మూడో మెట్టు మీద, ఇంకో కాలు నాలుగో మెట్టు మీద, భుజాన మంచినీళ్ళ డబ్బా. వినాలని ఆగలేదు. ఆగాక మాత్రం వినడం మానలేదు. ఇంతలో కింది వాటా తలుపు తెరుచుకుని కూతురు బయటికొచ్చింది. మందుల షాపులో బిల్లు కౌంటరు ఆమెది, పన్నెండింటికి అక్కడుండాలి.

“పూర్తిగా విన్నారా, మొదట్నుంచి మళ్ళీ చెప్పమంటారా?” అంది.

“డబ్బా బరువుగా ఉంటేనూ, కాస్త ఆగాను.”

“మెట్టుకు రెండు నిమిషాలా? సాయంత్రానికి చేరతార్లెండి.”

చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోయింది. తెరిచిన తలుపులోంచి వాళ్ళమ్మ కనిపించింది. నీలం వాయిల్ చీర, చేతులకు గాజులు లేవు, చేతిలో ఒక ఆపిల్ ముక్క. ఇంట్లో ఇంత గొడవ జరిగినా ఆవిడ చదువు వేళ తప్పలేదన్నమాట.

చదువు మధ్యలో వదిలేసినవాడికి లోకమంతా సలహాలే. ఆ ఇంట్లో అద్దెకు దిగిన ఏడాదిలో అతనికి సలహా ఇవ్వని మనిషి ఆవిడ ఒక్కతే. ఇంజనీరింగు మూడో ఏడు మధ్యలో బయటికొచ్చేశాడు. అక్కడ ఉండలేకపోయాడు, అంతే. సాయంత్రాలు ఒక దుకాణానికి బండి మీద సరుకులు చేరవేస్తాడు. పగలంతా గదిలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతాడు. గది పొడుగు అతని నడకకు ఎనిమిది అడుగులు. ఎనిమిది వేసి తిరగడం, మళ్ళీ ఎనిమిది వేసి కిటికీ దగ్గర ఆగడం. కిటికీలోంచి కనబడేది పక్కింటి నీళ్ళ ట్యాంకు. దానికోసం ఆగేవాడని ఎవరూ అనుకోరు.

నాలుగు నెలల కిందట ఆవిడ మొదటిసారి పైకి వచ్చింది. ఆయాసం తీర్చుకుని, గుమ్మం బయటే నిలబడి, “బాబూ, పదకొండింటి నుంచి ఒంటిగంట దాకా కాస్త చెప్పులు విప్పి నడుస్తావా? వీలైతే అసలు నడవకుండా ఉంటావా?” అని అడిగింది.

“ఎందుకండీ, తలనొప్పా?”

“కాదు. నేను బీరువాలో ఉంటాను.”

మనిషికి మతి చలించిందేమో అనుకున్నాడు. ఆవిడకది అర్థమై, నవ్వి, కిందికి తీసుకెళ్ళి చూపించింది. పడకగదిలో గోడబీరువా. అరలన్నీ తీసేసింది. మూడు వైపులా పాత బొంతలు మేకులతో బిగించింది. లోపల ఒక చిన్న స్టూలు, పైనుంచి వేలాడే బల్బు, చూపులేనివాళ్ళ గ్రంథాలయం వాళ్ళు ఇచ్చిన అరచేతంత రికార్డరు. ఆవిడ అందులో కూర్చుని కథల పుస్తకాలు చదువుతుంది. ఆ చదువు గ్రంథాలయానికి వెళుతుంది. అక్కణ్ణుంచి ఎవరెవరికో. పూర్తిగా మూసేస్తే ఊపిరాడదు కాబట్టి తలుపు బెత్తెడు తీసి పెట్టుకుంటుంది. ఆ బెత్తెడు సందులోంచే లోకమంతా దూరేది.

“మరి బట్టలెక్కడ పెట్టుకుంటారు?” అన్నాడు.

“ట్రంకు పెట్టెలో,” అని వంటింట్లోంచి కూతురు అరిచింది. “బట్టల బీరువాలో మా అమ్మ ఉంటుంది. నా బట్టలు మంచం కిందుంటాయి. ఎవరైనా వస్తే ‘అమ్మేదీ’ అని అడుగుతారు, ‘మడతపెట్టి పెట్టాం’ అని చెప్తాను.”

ఆ రోజు నుంచి ఆవిడ అతనికి పిన్నిగారయింది. పనిలో ఆవిడ పట్టుదల చూస్తే అతనికి ముచ్చటేసేది, కాస్త కుళ్ళు కూడా. గంజి పెట్టిన చీర గరగరలాడుతుందని వాయిల్ తప్ప కట్టదు. నోరు ఎండి పెదాలు టప్పుమనకుండా ముందు ఆపిల్ ముక్క తింటుంది. కాగితం తిప్పితే చప్పుడవుతుందని పుస్తకం కుట్టు విప్పి, చదివిన పేజీని ఒళ్ళోకి జారవిడుస్తుంది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పెన్సిలుతో చిన్న గీత. అయిపోయాక కూర్చుని పుస్తకాన్ని మళ్ళీ కుడుతుంది. మొదటి ఏడాది కుట్టినవి వంకరగా ఉండేవి. ఇప్పుడు కొత్త పుస్తకం కన్నా అవే గట్టిగా ఉంటున్నాయి.

అంతకుముందు ఆవిడది బస్టాండులో గొంతు. అద్దాల గదిలో కూర్చుని ఫలానా బస్సు ఫలానా నంబరు దగ్గర సిద్ధంగా ఉందని చెప్పే ఉద్యోగం, ఇరవై ఆరేళ్ళు. భర్త ఆ డిపోలోనే మెకానిక్. తొమ్మిదేళ్ళ కిందట పోయాడు. “ఆయనైనా మీ మాట వినేవారా?” అని అతను ఒకసారి అడిగితే, “ఎక్కడ! పొద్దస్తమానం బస్సు కిందే పడుకునుండేవారు. ఇంజను మోతలో దేవుడు పిలిచినా వినబడదు,” అంది. ఆఖర్న డిపో వాళ్ళు ఆవిడ చేత ఊళ్ళ పేర్లూ అంకెలూ విడివిడిగా చెప్పించి, రికార్డు చేసుకుని, ఇక ఇంట్లో విశ్రాంతి తీసుకోమన్నారు. ఇప్పుడు మిషనే వాటిని అతికించి పలుకుతుంది. ఆవిడ ఇంట్లో ఉంది, ఆవిడ గొంతు డ్యూటీలో ఉంది.

గ్రంథాలయానికి చదివిన మొదటి పుస్తకం సంగతి కూతురు వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. చదివి పంపిన వారానికి గ్రంథాలయం మేడమ్ ఫోను చేసిందట. “అమ్మా, గొంతు అమృతం. కానీ చనిపోయినవాడు పుస్తకంలో ఒకసారే చనిపోయాడు. మీ దగ్గర రెండుసార్లు చనిపోయాడు.” బస్టాండులో ఏ ప్రకటనైనా రెండుసార్లు చెప్పాలి. ఇరవై ఆరేళ్ళ అలవాటు. ఆవిడకు తెలియకుండానే పుస్తకంలో ముఖ్యమైన మాటలన్నీ రెండేసిసార్లు చదివేసింది. పెళ్ళి రెండుసార్లు, చావు రెండుసార్లు. ఇల్లు ఒకటే అమ్మినా రెండిళ్ళు అమ్మినట్టయింది. ఆరొందల పేజీలు. మొదట్నుంచి మళ్ళీ చదివింది.

తర్వాత రెండేళ్ళూ ఇంటి చప్పుళ్ళు పడినా మేడమ్ చూసీ చూడనట్టు ఊరుకుంది. ఈ మధ్యే పైనుంచి కొత్త నిబంధన వచ్చింది, రికార్డు తెల్లకాగితంలా ఉండాలని. కుక్కరు కూతలు, చెప్పుల చప్పుడు, కూతురి కేకలు ఫలానా పేజీ ఫలానా పేజీ అని జాబితా పంపారు. అందుకే ఆవిడ అప్పుడు మేడ ఎక్కింది. కుక్కరు పొద్దున్న తొమ్మిదికి మారింది. కూతురికి పదకొండు తర్వాత సైగలే. అతను మంచం మీద కట్టేసినట్టు కూర్చునేవాడు. ఆ రెండు గంటలూ అతనికి ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది.

ఆ తెల్లకాగితం రికార్డు గ్రంథాలయానికి వచ్చిన ఎవరి చెవినో పడింది. వాళ్ళు ఫోన్లలో మాట్లాడే గొంతులు తయారుచేసే కంపెనీ వాళ్ళు. ‘మీరు లైన్‌లోనే ఉండండి’ అంటుందే, ఆ గొంతు. ఆవిడ గొంతు వాళ్ళకు కావాలి. మొత్తంగా కావాలి. వాళ్ళిచ్చేదానితో తల్లీకూతుళ్ళు సొంత ఇల్లు కొనుక్కోవచ్చు. మెట్ల మీద అతను విన్న గొడవకు మూలం ఇది.

కంపెనీవాళ్ళు గురువారం రమ్మన్నారు. కూతురికి సెలవు దొరకలేదు. “మీకు బండుందిగా, పగలు ఖాళీయేగా,” అంది. ఖాళీ అన్న మాట గుచ్చుకున్నా, నిజం కాబట్టి అతను సరేనన్నాడు.

కంపెనీ గది చూసి పిన్నిగారు గుమ్మంలోనే ఆగిపోయింది. గోడలన్నీ మెత్తగా, కోడిగుడ్ల అట్టలా గుంటలుగుంటలుగా ఉన్నాయి. చప్పట్లు కొడితే చప్పుడు అక్కడే చచ్చిపోతోంది. “నా బొంతలు చూస్తే వీళ్ళు నవ్వుతారు,” అని గొణిగింది. ఆ గదిని ఆవిడ చూసిన చూపు అతను మరిచిపోలేదు. ఆకలిగా ఉన్నవాళ్ళు పెళ్ళిభోజనాల వరసను చూసే చూపది.

అద్దం అవతల ఇద్దరు కుర్రాళ్ళు, అతని ఈడువాళ్ళే. చదివించారు. “మీరు లైన్‌లోనే ఉండండి. మీ సమయం మాకు ఎంతో విలువైనది.” నవ్వుతూ చెప్పమన్నారు. కొంచెం తక్కువ నవ్వమన్నారు. జాలిగా చెప్పమన్నారు, జాలి ఎక్కువైందన్నారు. ముప్పైసార్లయినా చదివుంటుంది. ఆ ఇద్దరూ ఆవిడ మొహం వైపు ఒక్కసారీ చూడలేదు. తెర మీద గీతలు చూస్తున్నారు. “మీ సమయం మాకు...” దాకా రాగానే, “సూపరమ్మా, చాలు!” అని అందుకునేవారు. ముప్పైసార్లలో ఒక్కసారి కూడా వాక్యం చివరికి చేరలేదు.

ఒప్పంద పత్రం ఇచ్చారు. ఎనిమిది పేజీలు. కలం కూడా ఇచ్చారు.

“ఇంటికి తీసుకెళ్ళి చదువుకుంటానండీ,” అంది ఆవిడ.

“అందరూ పెట్టేదేనమ్మా, ఎవరూ చదవరు.”

“నాకు చదవడమే పని నాయనా.”

సోమవారం దాకా గడువిచ్చారు.

తిరిగి వస్తుంటే బస్టాండు ముందు బండి ఆపమంది. లోపలికెళ్ళి ఒక బల్ల మీద కూర్చున్నారు. నెత్తి మీద మైకులో ఆవిడ గొంతే పలుకుతోంది. మూడో నంబరు... ఊరి పేరు... సిద్ధంగా ఉంది. అతుకుల దగ్గర చిన్న సందు. ‘మూడో’ అన్న గొంతు వయసు వేరు, ఊరి పేరు పలికిన గొంతు వయసు వేరు. ఆవిడ తలవంచుకుని, పక్కింటివాళ్ళ మాటలు విన్నట్టు తన గొంతు తానే వింది. ఎదురుగా ఒకాయన ఊరి పేరు వినబడగానే సంచీ ఎత్తుకుని పరిగెత్తాడు. మైకు ఇంకా చెబుతూనే ఉంది.

“చూశావా,” అంది. “ఇరవై ఆరేళ్ళు మాట్లాడాను. ఒక్కరు చివరిదాకా వినలేదు. వాళ్ళ తప్పేముంది, వాళ్ళ బస్సు వాళ్ళకు కావాలి. కానీ నాకుండేది బాబూ. ఎప్పటికైనా ఒక్క మనిషి ఎక్కడికీ పోకుండా కూర్చుని, నేను చెప్పేది ఆఖరి మాటదాకా వినాలని. ఇంతకీ ఏం చెబుతానని? నా దగ్గరేముంది? అందుకే పుస్తకాలు పట్టుకున్నాను.”

“ఇప్పుడు వింటున్నారుగా?”

“ఏమో. బొంతలకు చదువుతాను. తర్వాత ఎవరు వింటారో, వినరో. మా అమ్మాయి అడిగేది అదే. ‘ఎవరి కోసమే అమ్మా?’ అంటుంది. దానిదీ తప్పు కాదు. ముప్పై దగ్గర పడుతోంది, చీరలు పెట్టుకోవడానికి ఒక అర లేదు. నేను మొండిదాన్ని కాదు బాబూ. సోమవారం పెట్టేస్తానేమో.”

అతనికి అంత స్పష్టంగా కావలసింది ఈ లోకంలో ఒక్కటీ లేదు. మేనమామ వేరే ఊళ్ళో గోదాములో ఉద్యోగం కుదిర్చాడు. నెలాఖరుకు గది ఖాళీ చేయాలి. చేస్తానని చెప్పేశాడు కూడా. వెళ్ళాలనీ లేదు, ఉండాలనీ లేదు. ఒక బీరువాలో దూరి రెండు గంటలు కదలకుండా కూర్చునేంత ఇష్టం దేనిమీదైనా ఉంటే ఎలా ఉంటుందోనని మాత్రం ఆ బల్ల మీద ఆలోచించాడు.

ఆదివారం పొద్దున్న కూతురు మెట్ల కింద నిలబడి పిలిచింది. “హీరోగారూ, ఒకసారి దిగండి. ఇందులో మీ సంగతి కూడా ఉందట.”

కింద బల్ల మీద ఫోను. పక్కనే ఒప్పంద పత్రం, దాని మీద కలం. గ్రంథాలయం మేడమ్ ఎవరిదో మాట రికార్డు చేసి పంపింది. ఆయన కుర్చీలల్లే మనిషి. నలభయ్యో ఏట చూపు పోయింది. ఒంటరిగా ఒక గదిలో పేము కుర్చీలు అల్లుకుంటూ బతుకుతాడు. మొగాడి గొంతు, బరువుగా, ఆగుతూ ఆగుతూ వచ్చింది.

“అమ్మా, నమస్కారం. మీరు చదివినవి పద్నాలుగు పుస్తకాలు విన్నాను. అన్నీ ఆఖరిదాకా. ఈ ఆఖరు రెండు పుస్తకాలు విన్నాక మనసు ఉండబట్టలేక చెబుతున్నాను. ఏమీ అనుకోవద్దు. మీ ఇంట్లో అందరూ బాగున్నారా? ఇదివరకు కుక్కరు కూసేది. మూడో కూతకి మీరు ఒక్క క్షణం ఆగేవారు. నేనూ చేతిలో పని ఆపేవాణ్ణి. ఒకమ్మాయి ‘అమ్మా, నా దువ్వెనేదీ’ అని అరిచేది. రోజూ అదే దువ్వెన. పైన ఒకాయన నడిచేవాడు. ఎనిమిది అడుగులేసి తిరిగేవాడు, మళ్ళీ ఎనిమిది వేసి ఆగేవాడు. ఆయనకేం బాధోనని నేను అల్లడం ఆపి వినేవాణ్ణి. నడక మొదలైతే, అమ్మయ్య అనుకునేవాణ్ణి. నా గదిలో ఎవరూ ఉండరమ్మా. మధ్యాహ్నాలు నేను మీ ఇంట్లో ఉండేవాణ్ణి. ఇప్పుడు మీరు చదువుతున్నారు, కానీ నూతిలోంచి చదువుతున్నట్టుంది. ఇంట్లో ఎవరూ లేరు. వాళ్ళంతా ఏమయ్యారమ్మా? ఆ పిల్లకు దువ్వెన దొరికిందా? పైనాయన క్షేమమేనా?”

ఫోను ఆగిపోయింది. మేడమీది అబ్బాయి ఫోను మీదికి వంగాడు. కాలేజీ వదిలేసినప్పటి నుంచి, ‘ఏం బాధ’ అని అతని గురించి అడిగిన మొదటి మనిషి ఇతనే. ముఖం తెలియని మనిషి, చూపు లేని మనిషి.

పిన్నిగారు కళ్ళు తుడుచుకోలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని ఫోను వైపు చూస్తూ, “ఆఖరిదాకా అన్నాడే,” అంది. “పద్నాలుగూ.”

కూతురు విసురుగా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కడ గిన్నెలు కాస్త ఎక్కువే మోగాయి. కాసేపటికి గుమ్మంలోకి వచ్చి, మొహం ఎటో పెట్టి, “ఆయనకు చెప్పు, దువ్వెన దొరకలేదని,” అంది. నవ్వబోయింది. నవ్వు సగంలోనే పాడైపోయింది. “అందరికీ మనిల్లే కావాలి. మనకే లేదు ఇల్లు.”

సోమవారం ఆవిడే వెళ్ళి ఒప్పంద పత్రం తిరిగి ఇచ్చేసి వచ్చింది. సంతకం లేదు. ఎనిమిది పేజీలూ చదివానని చెప్పిందట. మూడు రోజులు తల్లీకూతుళ్ళ మధ్య మాటల్లేవు. అన్నీ సర్దుకున్నాయని రాస్తే అబద్ధమవుతుంది. దుకాణం సరుకులతో తిరుగుతూ అతను ఒక సాయంత్రం కూతుర్ని చూశాడు. షాపు ముందుగానే మూసినట్టున్నారు. ఇంటికి ఒక స్టాపు ముందే బస్సు దిగి, కొత్తగా కడుతున్న ఫ్లాట్ల ముందు నిలబడి ఉంది. తలుపులింకా పెట్టలేదు. ఖాళీ కిటికీల్లోకి తలెత్తి చూస్తోంది. ఎంతసేపట్నుంచి ఉందో. అతను హారను కొట్టలేదు. బండి తిప్పుకుని వేరే దారిన పోయాడు.

నాలుగో రోజు పదకొండున్నరకు అతను మంచం మీద ఎప్పటిలా బిగుసుకుని కూర్చునుంటే, కిందినుంచి ఇల్లదిరిపోయే కేక వినబడింది.

“అమ్మా! నా దువ్వెనేదీ?”

ఆ అమ్మాయి బీరువా తలుపు దగ్గరే నిలబడి అరిచిందని అతనికి అర్థమైంది. తర్వాత ఒక నవ్వు, తల్లిదో కూతురిదో తెలియలేదు. మళ్ళీ సన్నగా చదువు.

ఒంటిగంట దాటాక మెట్ల మీద నెమ్మదైన అడుగులు. పిన్నిగారు గుమ్మం పట్టుకుని ఆయాసం తీర్చుకుంది. వాయిల్ చీర మీద పుస్తకం దారప్పోగు ఒకటి అంటుకుని ఉంది. మూల సగం సర్దిన సంచీని చూసింది. మేనమామ కబురు ఇంటాయన ద్వారా ఆవిడకు ముందే చేరినట్టుంది. దాని గురించి ఏమీ అనలేదు.

“నిబంధన సంగతేంటండీ? మళ్ళీ జాబితా పంపుతారేమో,” అన్నాడు అతను.

“పంపనీ. మేడమ్‌తో మాట్లాడాను. అందరికీ సాయంత్రం చదివి తెల్లకాగితం పంపుతాను, ఆయన ఒక్కడికీ పగలు విడిగా చదువుతాను. రెండుసార్లు చదవడం నాకు కొత్తా?” నవ్వింది. నవ్వు తగ్గాక కిటికీ వైపు, నేల వైపు చూసింది. “కొత్త పుస్తకం రేపు మొదలు. మూడొందల పేజీలు. నువ్వు వెళ్ళాల్సినవాడివి, వెళ్ళు, వద్దనను. వెళ్ళేదాకా మాత్రం ఒక్కటి చేసిపెట్టు నాయనా. చెప్పులేసుకునే నడువు. కిటికీ దగ్గర మరీ ఎక్కువసేపు ఆగకు. ఆయన కంగారుపడతాడు.”